బోనం మీది దీపం

మొన్న ఆదివారం పత్తర్‌గట్టిలో దుకాణం మెట్ల మీద కూర్చున్న ఓ పెద్దమ్మను ఫొటో తీస్తుంటే, మాకు ఫొటోగ్రఫీ నేర్పే కుర్ర సారు, "ఇంకా దగ్గరికి పోవాలె అన్నా, ముఖంతోనే ఫ్రేమ్ నింపాలె" అన్నాడు. నేను కెమెరా దించేశాను.

మన ఈడు వాళ్లకు రీలు కెమెరా గుర్తుందా? రీలు అయిపోతుందని మా ఇంట్లో ఏటా బోనాలకు ఒక్కటే ఫొటో. ఛత్రినాకలో మా గడప ముందు అమ్మ నెత్తిన బోనం ఎత్తుకుని నిలబడేది. వేపాకు, సాంబ్రాణి వాసన. బాపు కెమెరా కంటికి పెట్టుకోగానే లొల్లి మొదలయ్యేది.

"గంత దగ్గరుంటే ఎట్ల? ఎన్కకు జరుగుండ్రి. బోనం మీది దీపం రావాలె, పసుపు రాసిన కాళ్లు రావాలె."

"నీ ముఖం చిన్నగైతది గదనే!"

"నా ముఖం ఎవరు జూస్తరు?"

బాపు వెనక్కి వెనక్కి, ఎదురుగా ఉన్న పాల దుకాణం దాకా వెళ్లేవాడు.

అమ్మ పోయాక, గోడకు పెట్టుకుందామని ఆ ఫొటోలన్నీ ముందేసుకున్నాం. ముఖాన్ని పెద్దది చేస్తే అన్నీ చుక్కలే.

దగ్గరికి వెళ్లడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను. ప్రతి ఫొటోలో దీపం బాగా వచ్చింది అమ్మా. నువ్వే రాలేదు.