జ్ఞానవతి ఇంగ్లీషు

మా దీవుల్లోని డాలీగంజ్‌లో, మా వీధి చివరింటి జ్ఞానవతిని ఒక్కసారి చూసినవాళ్లకి ముందు ఆ చేతులే గుర్తుంటాయి. వండూర్‌లో టూరిస్టుల లాడ్జి ఒకదానిలో పదకొండేళ్లు దుప్పట్లు ఉతికిన చేతులు. బ్లీచింగ్ నీళ్లకి వేళ్లు పగిలిపోయి, అన్నంలో పులుసు కలుపుకుంటే భగ్గున మండేవి. ఇక నీళ్లల్లో చెయ్యి పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చెప్పడానికేం, ఎన్నయినా చెబుతాడు! మొగుడు పోయాక ఇద్దరాడపిల్లల్ని సాకుతున్న మనిషి నీళ్లల్లో చెయ్యి పెట్టకపోతే పొయ్యిమీద గిన్నె ఎలా పెడుతుంది?

తొంభై నాలుగులో ఆ లాడ్జి కౌంటరు దగ్గర ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. మూడు నెలల తర్వాత ఇంటర్వ్యూ, ఇంగ్లీషు వచ్చినవాళ్లెవరైనా రావచ్చన్నారు. ఆ ఆదివారం చర్చి నుంచి నా వెనకే వచ్చి, మా గేటు పట్టుకుని నిలబడింది.

"మేరీ దీదీ, నాకు ఇంగ్లీసు సెప్పండి. నేకపోతే ఆ తొట్టి కాడే సచ్చిపోతాను," అంది.

స్కూల్లో ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని నేను. ఓపికన్నది నా ఒంట్లో పుట్టలేదు. అయినా కాదనలేకపోయాను.

దానికి పదో తరగతి ఇంగ్లీషు ఉంది. చిక్కంతా చిన్న చిన్న మాటల దగ్గరే.

"లుక్ ఫర్, లుక్ ఆఫ్టర్ రెండూ సూడ్డవే కదా దీదీ?" అని మొదటిరోజే నా ప్రాణం తీసింది.

"ఓసి పిచ్చిమొహమా! కనబడకుండా పోయిన తాళంచెవి కోసం లుక్ ఫర్. కళ్లెదుట ఉన్న పిల్లని లుక్ ఆఫ్టర్," అన్నాను.

బోటెక్కితే గెట్ ఆన్, జీపెక్కితే గెట్ ఇన్. చీర కట్టుకోవడం పుట్ ఆన్, అది ఒంటిమీద ఉన్నంతసేపూ వేర్. అన్నీ సబ్బు అట్టల వెనక రాసుకుని, బస్సులో వల్లెవేసుకునేది. అలాంటి విద్యార్థి నా సర్వీసంతటిలో దొరకలేదు. ఒకరోజు గివ్ అప్, గివ్ ఇన్ చెప్పాను. విసిగి మానేస్తే మొదటిది, ఎదుటివాడికి లొంగిపోతే రెండోది. అది రెండూ సబ్బు అట్టమీద రాసుకుంది.

"మానడానికీ నేదు, లొంగితే బతుకూ నేదు. దాన్నేటంటారు దీదీ?"

దానిమీదో, ఇంగ్లీషుమీదో తెలియని కోపం వచ్చి, టీ పెట్టడానికి లేచిపోయాను.

మూడు నెలలయ్యేసరికి నాతో గడగడా మాట్లాడేది. ఇంటర్వ్యూ రోజు నా నీలం చీర ఇచ్చి పంపాను. సాయంత్రం నవ్వుకుంటూ వచ్చింది. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన పెద్ద సారు ఎంతో మంచాయనట. "బైఠో బహన్" అని కుర్చీ చూపించాడట, పిల్లల గురించి అడిగాడట, అరగంట కబుర్లు చెప్పాడట.

"సరే, ఇంగ్లీషులో ఏమడిగాడే?" అన్నాను.

"ఇంగ్లీసా? ఆయన హిందీలో అడిగారు దీదీ. నానూ హిందీలోనే సెప్పాను."

"ఒక్క ముక్కయినా ఇంగ్లీషులో అనలేదా?"

"అంత పెద్దాయన హిందీలో మాటాడతంటే నాను ఇంగ్లీసు దంచితే ఏటనుకుంటారు? పొగరనుకోరా?"

దాన్ని తిట్టి లాభం లేదు. మా దీవుల్లో పుట్టి పెరిగినవాళ్లు ఎవరైనా అంతే చేస్తారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. తమిళుడైనా బెంగాలీ అయినా హిందీలో పలకరిస్తే హిందీలోనే బదులు చెప్పాలి. మధ్యలో ఇంగ్లీషు తీస్తే ఎదుటివాణ్ణి తక్కువ చేసినట్టే. ఆ మర్యాద మెయిన్‌లాండ్ మనిషికి ఎలా తెలుస్తుంది? పాపం, బట్టలుతికే మనిషి, ఇబ్బంది పెట్టడమెందుకని ఆయన హిందీలో మొదలెట్టాడు. ఆఖరున కాగితంమీద ఇంగ్లీషు రాదని రాసి పడేశాడని తర్వాత తెలిసింది.

కౌంటరు దగ్గరకి బయటినుంచి ఒక అమ్మాయిని తెచ్చారు. సంగతి తెలిసిన రోజు నేను ఏడ్చాను. అది ఏడవలేదు. మర్నాడు మామూలుగా మొదటి బస్సెక్కింది.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం, అది దుప్పట్లు ఆరేస్తుంటే ఒక ముసలి దొరసాని వచ్చి వాన సంగతి అడిగిందట. ఇద్దరూ ఇంగ్లీషులో నవ్వుకుంటూ మాట్లాడుకుంటుంటే మేనేజరు విన్నాడు. ఆయన గబగబా దండెం దగ్గరకొచ్చాడట.

"అంగ్రేజీ ఆతీ హై తుమ్‌కో? బతాయా క్యోం నహీ?" అన్నాడట, వచ్చినదానివి చెప్పలేదేమని.

"పూఛా కిస్‌నే, సాబ్?" అందట ఇది, అడిగిందెవరని.

ఆ సాయంత్రం మా అరుగుమీద కూర్చుని అది ఈ మాట చెబుతుంటే నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను.

"భలే అడిగావే! మరి ఆయనేమన్నాడు?"

"రేపట్నుంచి గెస్టులు దండెం కాడికొచ్చి ఏటడిగినా నన్నే సెప్పమన్నాడు దీదీ. ఉతుకుతూనే. ఈ మాట మాత్రం ఇంగ్లీసులో అన్నాడు."

"నువ్వేమన్నావు?"

ఒళ్లోని చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది.

"ఆయన ఇంగ్లీసులో అన్నాడు కదా, నానూ ఇంగ్లీసులోనే సెప్పాను. ఎస్ సార్ అన్నాను."