విమానం ఎక్కని కొబ్బరి

ఉద్దనపల్లిలో ఉదయం ఐదున్నరకు హోసూరు బస్సెక్కాం, నేనూ మా అక్క మునిరత్నమ్మా. పుణెలో ఉన్న ఆమె కూతురు గౌరికి ఏడో నెల. పోయినసారి నెలలు నిండాక కూడా బిడ్డ దక్కలేదు. అందుకని ఈసారి ఒడి నింపడంలో ఏ లోటూ రాకూడదని అక్క పట్టు. కొత్త పసుపుబట్టలో బియ్యం, బెల్లం, పసుపుకొమ్ములు, మా చెట్టు కాయలు ఎండబెట్టి తీసిన రెండు కొబ్బరి కుడకలు మూటగట్టింది. కట్టిన మూట కూతురి ఒడి చేరేదాకా నేల తాకకూడదు. అందుకే బస్సులోనూ ఒళ్లోనే పెట్టుకుంది.

ఏడింటికి హోసూరు బస్టాండులో ఇడ్లీ తిని, ఏడున్నరకు బెంగుళూరు విమానాశ్రయం బస్సు పట్టుకున్నాం. మీరు వెళ్తే ఇంకో గంట ముందే బయల్దేరండి, అత్తిబెలె దాటాక బండ్లు కదలవు. ఆగిన బస్సులో నాకు పాత కృష్ణగిరి ప్రయాణాలు గుర్తొచ్చాయి. నాన్నతో సంతకు పోయేటప్పుడు మామిడి గంపలు, కోళ్లు, కొడవళ్లు అన్నీ మాతోపాటే బస్సెక్కేవి. గురుబరపల్లిలో ఎక్కేవాళ్లను కండక్టరు పేరుపెట్టి పిలిచేవాడు. “కొడవలి ఈడియ్యప్పా, దిగేటప్పుడు తీసుకో” అని తన సీటు కింద పెట్టుకునేవాడు. తనిఖీ అంటే అంతే. ఆ బస్సులో నాకెప్పుడూ భయం వేయలేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

పదకొండింటికి విమానాశ్రయం చేరాం. పెట్టె అప్పగించాం గానీ మూట మాత్రం అక్క ఇవ్వలేదు. తనిఖీ దగ్గర ట్రేలు చూసి ఆగిపోయింది.

“చెప్పులు పెట్టేదాంట్లో ఒడిమూట పెట్టేదా?”

నా తువ్వాలు పరిచాక ఒప్పుకుంది. మూట యంత్రంలోంచి బయటికి రాగానే పక్కకు లాగేశారు. తనిఖీ చేసే అమ్మాయిది కోలారు వైపు కాబోలు, మా తెలుగే మాట్లాడింది. మూట విప్పి కుడకలు పైకి తీసింది.

“ఎండుకొబ్బరి విడిచిపెట్టరమ్మా. నూనె ఉంటాది, నిప్పంటుకుంటాది.”

నాకు ఒళ్లు మండింది. “రెండు కుడకలు తీసేస్తే విమానం భద్రమైపోతాదా?” అన్నాను.

“నాకు తెల్దు సార్. మాకు చెప్పినారు, చేస్తావుండాము.”

నేను ఇంకేదో అనబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. “ఒడిలో కుడక ఎందుకని అడిగితే నేను మాత్రం చెప్పగలనా? మా అత్త చెప్పింది, నేను చేస్తావుండా. ఇచ్చేయ్‌రా.”

అందే గానీ, ఆమె ముఖం పాలిపోయింది. కుడకలను చెత్తడబ్బాలో వేయనీయకుండా తానే తీసుకుని, కళ్లకద్దుకుని, ఆ అమ్మాయి బల్లమీద పెట్టింది. ఒకటిన్నరకు విమానం ఎగిరింది. దారి పొడుగునా అక్క కిటికీలోంచి ఒక్కసారైనా బయటికి చూడలేదు.

పుణెలో అంగడి కొబ్బరితోనే గౌరి ఒడి నింపాం. జరిగింది ఆ పిల్లకు చెప్పలేదు. మూడు రోజులుండి తిరుగు విమానం ఎక్కాం. బెంగుళూరులో దిగి మధ్యాహ్నం మూడింటికి హోసూరు బస్సులో కూర్చున్నాక, ఊరుకోలేక నేనే ఆ సంగతి మళ్లీ కదిపాను.

“కొబ్బరితో పోయినా విమానం పడేది కాదులే అక్కా.”

“పడేది కాదేమో. ఆ తనిఖీ పాప పోనీలే అని వదిలేసి, ఏమన్నా అయ్యిందనుకో. బతికినన్నాళ్లూ ఆ కొబ్బరే గుర్తొస్తాది.” గొంతు తగ్గించింది. “పోయినసారి ఒడి నింపినప్పుడు నేను కుడక మరిచిపోయినానురా. ఇంతవరకూ ఎవురికీ చెప్పలేదు.”

ఆ నియమాలు ప్రయాణికులను ఎంత కాపాడతాయో నాకు ఇప్పటికీ తెలియదు. అవి పాటించేవాళ్లను మాత్రం ఆ రోజు తర్వాత నేను ఎగతాళి చేయలేదు.

“దానివల్ల కాదక్కా బిడ్డ పోయింది,” అన్నాను.

“నాకు తెలుసురా,” అంది అక్క, ఏడుస్తూనే.