సాయిశ్రీ ఓణీల వీడియో

పిల్ల పెద్దమనిషైన కబురు ఒకప్పుడు నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి ముద్దలతో ఆడవాళ్ల చేతుల మీదుగా నాలుగిళ్లు తిరిగి ఆగిపోయేది. తర్వాత ఓణీల ఫంక్షన్లు వచ్చాయి, వాటి వెనక పామర్రు సెంటర్లో ఫ్లెక్సీలు వచ్చాయి, ఫ్లెక్సీల వెనక వీడియో అబ్రహాము వచ్చాడు.

అబ్రహాము మంచి పనివాడు. పెళ్లయినా, ఓణీలైనా, చర్చిలో బాప్తిస్మమైనా ఒకే శ్రద్ధతో తీస్తాడు. ప్రతి ఫంక్షన్ నుంచీ ఓ చిన్న ముక్క కత్తిరించి, పిల్ల పేరూ ఊరూ బంగారు రంగు అక్షరాల్లో వేసి నెట్లో తన పేజీలో పెడతాడు. అదే అతని దుకాణం బోర్డు. కన్నవాళ్లూ మురిసిపోయి పదిమందికి పంపుతారు. పన్నెండేళ్ల సాయిశ్రీదీ అలాగే పెట్టాడు.

ఒక ఉదయం ఆ పిల్ల తల్లి రామతులసి స్టూడియోకి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఇదేంటో చూడన్నా," అని ఫోను అతని చేతిలో పెట్టింది.

ఎవరో ఆ ముక్కని ఎత్తుకుపోయి, అచ్చం అలాంటి ఆడపిల్లల వీడియోలే వరసగా ఉన్న మరో పేజీలో పెట్టారు. కింద ముక్కూ మొహం తెలియని మగాళ్లు రాసిన మాటలు రెండు చదివి, అబ్రహాము ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"క్లాసులో ఎవడో చూపించాడంట. బడికి పోనని కూర్చుంది. పెట్టింది నువ్వు, తీసేది కూడా నువ్వే."

"అది నా పేజీ కాదమ్మా..."

"పేరు రాసింది నువ్వు కాదా? బంగారం పూసి మరీ రాశావుగా!"

అతను ముందు తన పేజీలోది తీసేశాడు. తర్వాత ఆ రెండోదాని మీద, ఇది పిల్లలకు హాని అని ఆ పేజీలు నడిపే కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. మా నియమాలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదని జవాబొచ్చింది. రామతులసి పెట్టింది, చుట్టాలు పెట్టారు. అందరికీ అదే వాక్యం. పోలీసులు ఫిర్యాదు తీసుకుని కంపెనీకి రాశారు. కింద మాటలు పెరుగుతూనే ఉన్నాయి.

కాలవకి గండి పడితే డెల్టా రైతు కాలవ కాసే లస్కరు ఇంటికి పరిగెత్తేవాడు. నీళ్లు ఆగినా ఆగకపోయినా, తిట్టడానికైనా అక్కడ ఓ మనిషుండేవాడు. ఈ గండికి కాపలా ఎవరో, ఏ దేశంలో ఉంటారో, అసలు ఉన్నారో లేరో!

అప్పుడు అబ్రహాముకి ఒకటి గుర్తొచ్చింది. కిందటేడు ఓ పెళ్లి ముక్క కింద సినిమా పాట వేస్తే, పాట హక్కులు వేరేవాళ్లవని చేతిలో టీ చల్లారేలోపే కంపెనీవాళ్లు పీకేశారు. అంటే వాళ్లకి కళ్లు లేకపోలేదు. ఈసారి అతను పిల్ల ఊసే ఎత్తలేదు. ఈ వీడియో నా సొత్తు, దొంగిలించారు అని రాశాడు.

సాయంత్రానికి అది మాయమైంది.

"ఏం రాశావన్నా?" అంది రామతులసి.

అతను చెప్పాడు.

"మా పిల్లరా బాబూ అంటే చెవినెయ్యలేదు. నీ సరుకంటే మాత్రం విన్నారన్నమాట."



సోమవారం సాయిశ్రీ తల్లి వెంట బడికి వెళ్లింది, గేటు దాకా ఆమె చెయ్యి వదలకుండా. అబ్రహాము స్టూడియోలో ఆ పేజీ మళ్లీ తెరిచాడు. మిగతా పిల్లలు అలాగే నవ్వుతున్నారు. ఒక వీడియో మూలన హనుమాన్ జంక్షన్ స్టూడియో పేరూ నంబరూ ఉన్నాయి. ఫోను కలిపాడు.

"గురువుగారూ, మీ వీడియో ఒకటి దొంగి..." అని ఆగి, మాట మార్చాడు. "మీరు వీడియో తీసిన ఓ పాప గురించి మాట్లాడాలండీ."