వెయ్యిన్నూట పదహార్ల జాడ

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. కరెంటు బిల్లు చదువుకోగలను గానీ మా మనవరాలి ఉద్యోగం నా చదువుకు అందదు. కంప్యూటర్లో తప్ప ఎక్కడా కనబడని క్రిప్టో నాణేలు ఎవరి నుంచి ఎవరికి పోయాయో ఇంట్లో కూర్చుని వెతుకుతుంది. జీతం మాత్రం కనబడే డబ్బులోనే ఇస్తారు, అదొక్కటే నా ధైర్యం.

నరసాపురంలో మా పక్కిల్లు బట్టల కొట్టాయనది. ఆయన దగ్గరా అలాంటి నాణేలు ఉండేవి. ఒకనాడు మాయమయ్యాయి. భార్య నిలదీస్తే, "దొంగలెత్తుకుపోయారు, ఆ ఖాతా పెట్టిచ్చింది నీ అల్లుడే కదా," అన్నాడు. ఆ మాట అల్లుడి చెవిన పడింది. అతను అత్తారింటి గడప తొక్కడం మానేశాడు. పండక్కి వచ్చిన కూతురు మొగుడికి మొహం చూపించలేక పుట్టింట్లోనే ఉండిపోయింది.

ఆ తల్లీ కూతుళ్ళు ఆయన్ను మా ఇంటికి లాక్కొచ్చారు.

"అనవసరంగా శ్రమ పిన్నిగారూ. మధ్యలో మార్పిడి సైటులో మార్చేస్తే ఇంకెవరికీ దొరకదంట," అన్నాడాయన.

"దొంగల సంగతులు నీకు బాగానే తెలుసే," అన్నాను.

మనవరాలు నవ్వు ఆపుకుంది. "నిజమేనండి. అక్కడ పేరు అడగరు. ఒక రకం నాణెం ఇస్తే నిమిషాల్లో ఇంకో రకం ఇచ్చేస్తారు. కానీ మీది లోపలికెళ్ళిన కాసేపటికి, వాళ్ళ కమిషన్ పోగా అంత విలువకి బయటికొచ్చింది ఒక్కటే ఉందండి. సరిగ్గా వెయ్యిన్నూట పదహారు డాలర్లు. ఇంతే రావాలని ముందే అడిగి మార్పించారు."

కొట్టాయన భార్య మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"పదహారు కలిపి పట్టుకెళ్ళే దొంగెవడండీ? ఏ రోజమ్మా అది?"

"గురువారం పొద్దున్న అత్తయ్యగారూ."

"వర్జ్యం వెళ్ళేదాకా ఫోను ముట్టనని కూర్చున్నారే, ఆ గురువారమేనా?"

ఆయన తలొంచుకున్నాడు. "రెట్టింపు చేసిస్తానన్నాడే ఒకతను. శుభమా అని మొదలుపెడుతున్నాం కదా అని..."

"దొంగకి చదివింపులు చదివించావా నాయనా! తాంబూలం కూడా పెట్టాల్సింది," అన్నాను. నాకు నవ్వాగలేదు. భార్యకూ ఆగలేదు. కూతురు మాత్రం నవ్వలేదు.

అవి ఆపైన ఇంకా చాలా చేతులు మారాయని, తిరిగి రావడం కష్టమని, పోలీసులకు మాత్రం చెప్పి తీరాలని మనవరాలు అంది. ఆయన బుద్ధిగా తలాడించాడు. అంతలో కూతురు ఆయన ముందుకొచ్చి చెయ్యి చాపింది. ఆ చేతిలో ఆయన ఫోనే అప్పటికే అల్లుడికి రింగవుతోంది.

"స్పీకర్లో మాట్లాడండి నాన్నా."

"చెప్పండి," అంది అటునుంచి అల్లుడి గొంతు. మావయ్యగారూ అనలేదు.

"అల్లుడుగారూ... తీసింది నేనేనండి. మిమ్మల్నన్నాను. తప్పయిపోయింది."

"మీ అమ్మాయిని రేపు పొద్దున్న బస్సెక్కించండి," అన్నాడతను.

"రేపు వర్జ్యం ఎప్పుడో..." అని కొట్టాయన నసిగేలోపే కూతురు బట్టలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది.