జోడించని చేతులు

అనుమసముద్రంపేట దర్గా వీధిలో మాకు పూలూ చక్కెరా అమ్మే చిన్న అంగడి ఉంది. గురువారం వస్తే గిరాకీతో ఊపిరాడదు. వచ్చేవాళ్లలో హిందువులే ఎక్కువ. తలకు కర్చీఫు కట్టుకుని లోపలికి వెళ్లి, చేతులు జోడించి మొక్కుకుంటారు. మేం దోసిలి పట్టి దువా చేస్తాం. ఇది తప్పు, అది ఒప్పు అని నా కళ్లముందు ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఆరో తరగతి చదివే నా కూతురు ఒకరోజు బడి నుంచి వచ్చి సంచి మూలకు విసిరేసింది. "నేనింక బడికి పోను అమ్మీ" అంది. పొద్దున ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుని, చేతులు జోడించి శ్లోకం చెప్పాలని కొత్త హెడ్మాస్టరు రూలు పెట్టాడట. మా పిల్ల చేతులు జోడించలేదని వరసలోంచి తీసి, అందరూ చూస్తుండగా జెండా దిమ్మె దగ్గర ఎండలో నిలబెట్టాడట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు అంగడి మా ఆయనకు వదిలి బడికి వెళ్లాను.

"దేవుడి ప్రార్థనే కదమ్మా. ఇందులో తప్పేముంది?" అన్నాడు హెడ్మాస్టరు, నెమ్మదిగానే.

"తప్పని నేనన్లేదు సార్. పోయిన గురువారం మీరు మా అంగట్లోనే పూలు తీసుకున్నారు గదా. దర్గాలో చేతులు జోడించే మొక్కినారు. దోసిలి పట్టమని మిమ్మల్ని ఎవరన్నా అడిగినారా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "అది వేరు. ఇది స్కూలు. డిసిప్లిన్ ఉండాలి."

"సర్కారు బడి సార్ ఇది. కదలకుండా నిలబడమనండి, నిలబడుద్ది. మొక్కేది మాత్రం దాని ఇష్టం. దాన్ని ఎండలో పెడితే పక్కన నేనూ నిలబడతా."

అన్నట్టే రోజూ నిలబడ్డాను, పొద్దుటి బేరం పోగొట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని. పిల్లలు నవ్వారు. "చేతులు జోడిస్తే అరిగిపోతాయా?" అని మా వీధివాళ్లే దెప్పారు. భయం వేయలేదని చెప్పను. మార్కుల్లో కక్ష తీర్చుకుంటే ఏం చేస్తాం? అయినా కదల్లేదు.

రెండో వారంలో ఒక పొద్దున హెడ్మాస్టరే మా దగ్గరికి వచ్చాడు. "పోయి నీ వరసలో నిలబడు పాపా" అన్నాడు. చేతుల సంగతి ఎత్తలేదు, నా వైపు చూడలేదు. మా పిల్ల వరసలోకి వెళ్లి, చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడింది. శ్లోకం అయ్యేదాకా నేను గేటు దగ్గరే ఉన్నాను.

"రేపట్నుంచి నువ్వు రావద్దు అమ్మీ" అంది ఆ సాయంత్రం.

"మళ్లా దిమ్మె దగ్గరికి పొమ్మంటే?"

"పోతా. ఒక్కదాన్నే నిలబడతా. బడి మాత్రం మానను."