మా ఫ్యాన్ మీద బాలింత

మోండా మార్కెట్‌లో పాత సీలింగ్ ఫ్యాన్ ఒకటి చూసి ఆగిపోయాను. ఇలాంటి ఫ్యాన్ల పైన, కడ్డీకి ఉండే గిన్నెలో పిచ్చుకలు గూడు కట్టేవి, గుర్తుందా దోస్తులూ? ఇప్పుడు బాల్కనీలకు వలలు బిగించి, పిచ్చుకలేవని పోస్టులు పెడుతున్నాం. ఒళ్లు మండుతుంది.

ఒక ఎండాకాలం కార్ఖానా బస్తీలోని మా ఇంట్లో ఫ్యాన్ వేయనే లేదు. చెమటతో వచ్చిన చిన్నాన్న స్విచ్ మీద చెయ్యి వేయగానే నానమ్మ పట్టుకుంది.

"జెర ఆగు బిడ్డా, పైన బాలింత ఉన్నది."

"కొడుక్కు గాలి లేదు గని, పిట్టకు పురుడు సుత పోస్తున్నవా అమ్మా?"

నానమ్మ ఆయన చేతిలో విసనకర్ర పెట్టింది.

అంతలో ఒక పిల్ల గూడు దాటి, ఫ్యాన్ రెక్క మీద వణుకుతూ నిలబడి, ఒక్కసారిగా గాలిలోకి దూకింది. గదంతా చుట్టి కిటికీలోంచి ఆకాశంలోకి వెళ్లిపోయింది. చిన్నాన్న విసురుకోవడం మరిచిపోయాడు.

మిగతా పిల్లలు ఎగిరేదాకా ఆ స్విచ్ దగ్గర ఆయనే కాపలా కూర్చున్నాడు.