అందరివీ ఒకే పళ్ళెంలో

నా చిన్నప్పుడు హైదరాబాద్‌లో పత్తర్‌గట్టి బజారు వెనక మా గల్లీలో ముత్యాలు గుచ్చడంలో మా నానమ్మను మించినవారు లేరు. ఆ గర్వం ఆమెకంటే నాకే ఎక్కువ.

ఆ రోజుల్లో ఇజ్రాయెల్ నుంచి ఒక యూదు వ్యాపారి వచ్చి అక్కడ ముత్యాల దండల కార్ఖానా పెట్టాడు. నానమ్మ అందులో చేరింది, బడి లేనప్పుడు నేనూ ఆమె పక్కనే. అందరూ సాబ్ అనేవారు. ఆయన పెరిగిన పల్లెలో పొలం ఉమ్మడి, వంట ఉమ్మడి, తిండి సమానమట. ఇక్కడా అదే పద్ధతి. వాళ్ళ మతాచారం ప్రకారం శనివారం సెలవు. గుచ్చిన దండలన్నీ పేర్లు లేకుండా ఒకే పళ్ళెంలో వేయాలి, కూలి అందరికీ సమానం.

అబ్బో, నా కడుపు ఎంత మండిందో! పక్కింటి అక్కది నెమ్మది చెయ్యి. నానమ్మ మూడు దండలు ముగిస్తే ఆమె ఒక్కటి. అయినా ఇద్దరికీ ఒకే కూలా? గుర్రానికీ గాడిదకూ ఒకటే మేతా? ఒక మధ్యాహ్నం అందరూ అన్నానికి లేచినప్పుడు, అక్క చాప మీదున్న దండ చివరి ముడిని సూదితో వదులు చేశాను.

ఆ దండ విదేశంలో కొన్నవారి మెడలోనే తెగింది. పెట్టుబడి పెట్టిన భాగస్వాములు ఉత్తరం రాశారు: సమానత్వం పొలంలో సరే, వ్యాపారంలో కుదరదు, ఎవరి దండకు వారి పేరు చీటీ కట్టాలి, ఆ ముడి వేసినవారిని తీసేయాలి. సాబ్ తలవంచుకుని ఆ దండ ఎవరిదని అడిగాడు. అందరూ అక్క వైపే చూశారు. ఆమె ఇద్దరు పసిపిల్లల తల్లి.

నానమ్మ ఒక్కసారి నా ముఖం చూసి లేచి నిలబడింది. "గది నాదే సాబ్. కండ్లు సక్కగ ఆనుతలేవు," అంది.

ఆ రోజే ఆమె పని పోయింది. ఇంటికి వచ్చే దారిలో ఏడుస్తూ నిజం చెప్పాను. "ఎర్కే బిడ్డా. నాకు ఇంకో దుకాన్ల పని దొరుకుతది. గామెకు ఎవలిస్తరు?" అంది.

దొరకలేదు. కళ్ళు పోయాయన్న మాట బజారంతా పాకింది. అంతటి పనిమంతురాలు ఆ తర్వాత ఇంట్లోనే ఎసరు పెట్టుకుంటూ, బియ్యం ఏరుకుంటూ బతికింది. నన్ను ఒక్క మాట అనలేదు.

నాకు అసూయ పోలేదు. ఈ వయసులోనూ పక్కవాళ్ళను మెచ్చుకుంటే కడుపు మండుతుంది. అప్పుడు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆ మంట తగ్గేదాకా కదలకుండా కూర్చుంటాను.